వాసం మీది కంకులు

మక్కకంకిని చెవి దగ్గర పెట్టుకుని వినే మనిషిని నా డెబ్బయ్యేళ్లలో ఒక్కణ్నే చూశాను. ఎండిన కంకిని కుడిచేత్తో పట్టి, చెవి పక్కన రెండుసార్లు మెల్లగా ఊపి, కళ్లు మూసుకునేవాడు. లోపల గింజ కదిలిన చప్పుడు వస్తే ఆ కంకి తిండి గంపలోకి పోయేది. చప్పుడు లేకపోతే "ఇది ఏడాది ఉంటది" అని పక్కకు తీసేవాడు. తర్వాత బొటనవేలి గోటితో ఒక గింజ పెరికి, ఎడమ దవడలో మిగిలిన ఒకే ఒక్క పన్ను మీద పెట్టి కొరికేవాడు. 'టక్' అంటే పేలాలకు, 'కస్' అంటే రవ్వ పట్టి గటక వండుకోవడానికి.

ఈ విద్య నేనూ నేర్చుకున్నానని చాలామందికి చెప్పాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక కంకి తెచ్చి చెవి దగ్గర ఊపి చూశాను కూడా. నాకు వినపడింది పక్కింటి మిక్సీ చప్పుడు.

ఆయన పోయిన వానకాలంలో చనిపోయాడు. ఈ చలికాలంలో నల్గొండలో విత్తనాల ప్రదర్శన పెట్టి, నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. పాతకాలపు మొక్కజొన్న విత్తనాన్ని కాపాడిన పెద్దమనిషి అని మైకులో చదివారు. నేను చేనేత ఇంట్లో పుట్టినవాణ్ని. బట్టను రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే అది చేతిమగ్గానిదో మరమగ్గానిదో తెలిసిపోతుంది. ఆ శాలువా మరమగ్గానిది. నా గొప్పతనం కూడా అలాంటిదే కనుక నేనేమీ అనుకోలేదు. మైకు చేతికిచ్చారు, పావుగంట మాట్లాడాను. ఇంటికొచ్చి పడుకుంటే ఆ పావుగంటలో చెప్పినవన్నీ ఒక్కొక్కటే వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాయి.

ఆ విత్తనాన్ని కాపాడింది నేను కాదు. అందులో అన్నిటికంటే విలువైనదాన్ని తిన్నవాణ్ని నేను. ఆ సంగతి రాసి పెడదామనే ఈ కాగితం ముందేసుకున్నాను.

"అరుదైన రకాల కోసం గుట్టలన్నీ తిరుగుతుంటే ఆయన దొరికాడు" అని సభలో చెప్పాను. నిజం ఏమిటంటే మోపెడ్ పంచరైంది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడే నేను రిటైరై, దేవరకొండ నుంచి కల్వకుర్తి పోయే తోవలో ఉన్న నా అత్తగారి ఊళ్లో ఇల్లు కట్టుకున్నాను. కుర్రతనంలో రాని ఇల్లరికం ముసలితనంలో వచ్చిందని నా బావమరిది ఇప్పటికీ అంటాడు. ఒకరోజు ఊరి బయట గుట్ట పక్కన టైరు దిగిపోయింది. మంచినీళ్లు అడుగుదామని దగ్గర్లో ఉన్న మెట్టచెలకలోకి పోయాను.

లోపలికి పోగానే, పొరపాటున ఏదైనా పార్టీ మీటింగుకు వచ్చానా అనిపించింది. నిలబడి ఉన్న మక్క కర్రలకు రంగురంగుల గుడ్డపేలికలు కట్టి ఉన్నాయి. గులాబీ, కాషాయం, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు. అన్నీ ఎన్నికల కండువాలు చింపినవే. వాటి మధ్యలో నాకంటే పదేళ్లు పెద్దవాడు, బక్కపలచని మనిషి, గొంతుక్కూర్చుని ఒక కర్ర మొదట్లో వేర్లు చూస్తున్నాడు.

"ఏ పార్టీ అన్నా మీది?" అని అడిగాను.

"గుడ్డ మంచిగున్న పార్టీ" అన్నాడు తలెత్తకుండానే.

ఎన్నికలు వస్తే ఆయనకు పండుగ. ఎవరు మీటింగు పెట్టినా పోయి ముందు వరసలో కూర్చునేవాడు. ఉపన్యాసం అయ్యాక మెడలో కండువాతో ఇంటికొచ్చి, కత్తెరతో నిలువుగా చీల్చి, పేలికలు చుట్టచుట్టి పాత పాల డబ్బాలో దాచేవాడు. ఒక్కో గుణానికి ఒక్కో రంగు. ఒక ఏడు గెలుస్తుందనుకున్న పార్టీ కండువాలు తప్ప ఇంకేవీ ఊళ్లోకి రాలేదు. "ఒక్క పార్టీనే ఉంటే మక్కలకు కష్టమైతది" అని బెంగపడ్డాడు.

ఆరోజు నీళ్లు తాగాక నా గురించి అడిగాడు.

"నువ్వేం పని చేసేటోనివి సారూ?"

"మక్కల మీద పరిశోధన."

"అంటే?"

"అంటే... ప్రభుత్వ విత్తన క్షేత్రంలో మక్క పూతలకు కాగితం సంచులు కట్టి, ఒకదాని పుప్పొడి తీసి ఇంకోదాని పీచు మీద చల్లేవాణ్ని."

"ఎన్నేండ్లు?"

"ముప్పై రెండేళ్లు."

"ముప్పై రెండేండ్లు మక్కలకు టోపీలు పెట్టినవన్నమాట" అన్నాడు. ఊళ్లో నేను శాస్త్రవేత్తనని చెప్పుకుని అప్పటికి ఎనిమిది నెలలు. నా అసలు ఉద్యోగం ఏమిటో మొదటిసారి పట్టుకున్నవాడు ఆయన. ఆ తర్వాత ఊరంతా నన్ను 'టోపీల సారు' అనడానికి కారణం కూడా ఆయనే.

ఆయనది ఎకరం పది గుంటల చెలక. ఒకప్పుడు సెంటు భూమి లేని ఇల్లు; తండ్రి కాలంలో సర్కారు ఇచ్చిన గుట్ట కింది జాగా అది. జానెడు మట్టి, కింద రాయి. బోరు లేదు. వాన పడిన నాలుగో రోజుకే నేల నోరు తెరిచేది. చుట్టూ అందరూ పత్తి పెట్టినా, కంపెనీ మక్క పెట్టినా, ఆయన మాత్రం తల్లి నాటి విత్తనమే పెట్టేవాడు. పక్క చేన్ల కంపెనీ మక్క పూసేనాటికి తన కంకుల పీచు ఎండిపోవాలని పది రోజులు ముందే గింజ వేసేవాడు.

ఆ విత్తనాన్ని చూస్తే మా క్షేత్రంలో ఆఫీసర్లు ముక్కు మూసుకునేవారు. ఒక కర్ర నా ఎత్తు, ఇంకోటి నా నడుము ఎత్తు. ఒక కంకి జానెడు, ఇంకోటి బెత్తెడు. ఆయన వాటికి పెట్టుకున్న పేర్లు కూడా వాటిలాగే ఉండేవి. అన్నిటికంటే ముందు పీచు వేసేది 'తొందరది'. పేలాలకు కూడా అదే మంచిది; దానికి గులాబీ పేలిక. కంకి కొస దాటి ఆకులు గట్టిగా మూసుకుని, పురుగును లోపలికి రానివ్వనిది 'ముసుగుది'. గాలిదుమారానికి పడకుండా నేల మీద చుట్టూ వేర్లు తన్ని నిలబడేది 'గట్టికాళ్లది'. గటకకు మెత్తగా ఉడికేది 'మెత్తది'. ఇవి కాక ముదురెరుపు గింజల కంకి ఒకటి, దాని పేరు 'ఉత్తది'.

"దీనికేం గుణముంది అన్నా?"

"ఏం లేదు. పేలది. గటక కాదు. రొట్టె చేస్తే నల్లగైతది."

"మరి ఎందుకు పెడుతున్నవు?"

"మా అవ్వ పెట్టేది."

"మీ అమ్మ ఎందుకు పెట్టేది?"

"అడగలే. అడిగితే కొడ్తుండె."

నేను ఊరుకోలేదు. చదువుకున్నవాణ్ని కదా, అన్నింటిలోకి మంచిది ఒక్కటి ఎంచుకుని అదే పెట్టుకొమ్మని ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని, "నీ ఇంట్ల ఎంతమంది సారూ?" అన్నాడు.

"ఐదుగురం."

"ఐదుగురు నీ లెక్కనే ఉంటే ఇల్లు నడుస్తదా?"

ఇంటికి పోయి ఈ మాట మా ఆవిడకు చెప్పాను, ఆయన అమాయకత్వానికి నవ్వుతుందని. "ఒక్కరుంటేనే నడుస్తలేదు" అన్నది.

ఆ తర్వాత ఆయనే నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "మిర్గం కార్తెల వాన పడి, మళ్ల నెల్లాళ్లు మొకం చాటేస్తే తొందరది కడుపు నింపుతది. ముసురు వట్టి కంకుల మీద నీళ్లు నిలిస్తే ముసుగుది దక్కుతది. గాలి లేస్తే గట్టికాళ్లది. ఏ ఏడు ఏదొస్తదో దేవుడు నాకు చీటీ పంపుతలేడు గద." విత్తనాన్ని కుప్పలో ఎంచేవాడు కాదు. కర్ర నిలబడి ఉండగానే పేలిక కట్టేవాడు. కుప్పలో చూస్తే కంకి మొకమే కనబడుతుందట, నడక కనబడదట. కోశాక ఆ పేలికతోనే కంకులను జతలు కట్టి, వంటింట్లో పొయ్యికి పైన, వాసానికి వేలాడదీసేవాడు. పొగకు మసిపట్టి ఏడాదంతా పురుగు రాకుండా ఉండేవి.

ఇక ఆ తప్పు దగ్గరికి వస్తాను.

వాళ్లది క్రైస్తవ కుటుంబం. చర్చిలో ఏటా కోతపండుగ జరుగుతుంది. ఎవరి చేన్లో పండింది వాళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఊళ్లో మతంతో పని లేకుండా అందరమూ పోతాం. ఆయన ఏటా ఒక గంప నిండా తిండి కంకులు తెచ్చేవాడు. విత్తనం కంకి మాత్రం ఒక్కటి కూడా తెచ్చేవాడు కాదు. "దేవునికి తినేది ఇయ్యాలె, విత్తేది ఇయ్యొద్దు. ఆయనకు చెలక లేదు" అనేవాడు. పాస్టరు అయ్యగారు ఈ మాట విని ఖండించలేదు, ఒప్పుకోనూ లేదు.

ఆ సంవత్సరం కోతపండుగ నాటికి ఆయన కంటి పొర ఆపరేషన్‌కు నల్గొండ దవాఖానలో ఉన్నాడు. భార్య కూడా తోడు పోయింది. కొడుకు దేవరకొండలో ఆటో నడుపుతాడు, పొద్దున పోతే రాత్రికి వస్తాడు. ఇంట్లో కొత్త కోడలు ఒక్కతే ఉంది. ఆమెది హుజూర్‌నగర్ వైపు. కాలువ నీళ్ల కింద వరి తప్ప వేరే పంట ఎరగని పిల్ల. అత్తామామలు లేనప్పుడు పండుగ వచ్చింది, ఇంటి పరువు దక్కాలి, ఏం తీసుకుపోవాలా అని వెతికింది. పొయ్యి మీద వాసానికి రంగురంగుల రిబ్బన్లు కట్టిన కంకులు కనబడ్డాయి. మామ పండుగ కోసమే ముస్తాబు చేసి పెట్టాడనుకుంది. ఒక్కొక్కటి దించి, తడిగుడ్డతో మసి తుడిచి, కొత్త చాటలో అందంగా పేర్చి తీసుకుపోయింది. నలభై దాకా ఉంటాయి.

వేలంలో ఆ చాట వచ్చేసరికి మా బావమరిది పాట మొదలుపెట్టాడు. ఆయన పాడితే నేను పాడకుండా ఉండలేను. అది మా పెళ్లి నాటి నుంచీ ఉన్న జబ్బు. చివరికి చాట నాకు దక్కింది. చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆగితే సరిపోయేది. "ఇవి నా ఒక్కనివి కావు, ఊరందరివి" అని చాట చంకన పెట్టుకుని, ఇంటికొక కంకి చొప్పున పంచాను. మళ్లీ చప్పట్లు. చిన్నవి, గులాబీ పేలిక ఉన్నవి, మూడు మిగిలితే ఇంటికి తెచ్చుకున్నాను. అవి విత్తనం కంకులన్న సంగతి నాకు తెలియదు. ఆ తర్వాత అందరికీ ఇదే మాట చెప్పాను.

నాలుగు రోజులకు ఆయన ఇంటికొచ్చాడని తెలిసి, అరడజను బత్తాయిలు పట్టుకుని చూడబోయాను. కంటి మీద పచ్చగుడ్డ కట్టుకుని పొయ్యి ముందు పీట మీద కూర్చున్నాడు. తల పైకెత్తి ఉంది. తలుపు చాటున కోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"సారూ, జర చూసి చెప్పు" అన్నాడు. "నాకు కన్ను కనవడ్తలేదా, వాసం మీదనే ఏం లేదా?"

ఆయన భార్యే జరిగింది చెప్పింది. "కొత్త పిల్ల, తెల్వక చేసింది. ఎవలో కొన్నరట, ఊరంత పంచిండ్రట."

"ఎవలు?" అన్నాడు ఆయన.

కోడలికి ఇంకా ఊళ్లో మనుషులు గుర్తు కారు. ఆయన భార్య ఆరోజు ఊళ్లో లేదు. నేను బత్తాయి వలిచి ఆయన చేతిలో పెట్టాను.

ఆ సాయంత్రమే మా ఆవిడ, రోగికి తేలిగ్గా అరుగుతాయని, గిన్నె నిండా పేలాలు వేయించి తీసుకుపోయింది. నేను ఆపుదామని వెనకాలే పోయాను గాని అప్పటికే గిన్నె ఆయన ముందుంది. ఒక పేలం నోట్లో వేసుకున్నాడు. గిన్నె అడుగున చెయ్యి పెట్టి పేలని గింజ ఒకటి వెతికి తీసి, పన్ను మీద పెట్టి కొరికాడు. టక్ మంది. మంచి కన్నుతో నన్ను చూశాడు.

"మంచిగ పేలినయి వదినా" అని మా ఆవిడతో అన్నాడు. తర్వాత నాతో, "ఎన్ని మిగిలినయి సారూ?"

"ఏం మిగలలే అన్నా."

మూడు కంకులు. రెండు అప్పటికే చాయ్‌తో పాటు తిన్నాను, మూడోది ఆ గిన్నెలో ఉంది. ఇన్నాళ్లూ నేను ఒకటే తిన్నానని చెప్పుకున్నాను.

మర్నాడు నా మోపెడ్ మీద ఇద్దరమూ ఇల్లిల్లూ తిరిగాం. ఆయన వెనక నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఒళ్లో ఖాళీ సంచితో కూర్చున్నాడు. ఇచ్చినదాన్ని వెనక్కి అడగడమంత కష్టం ఇంకోటి లేదు. ఒక ముసలమ్మ, "పంచిన దీవెన వాపస్ అడుగుతరా, మీకు సిగ్గు లేదా?" అంది. ఇంకొకామె, "కోళ్లకేసిన. కోడిని తీస్కపోతరా?" అంది. "ఏ కోడి?" అని ఆయన నిజంగానే అడిగాడు. ఉడకబెట్టి గుడాలు చేసుకున్నవాళ్లు చేసుకున్నారు. దేవుని దగ్గరిది కదా అని దర్వాజకు వేలాడదీసినవాళ్లు దించి ఇచ్చారు.

సంచిలో పంతొమ్మిది పడ్డాయి. ఇంటికొచ్చి నేల మీద పరిచాడు. ముసుగువి నాలుగు, గట్టికాళ్లవి మూడు, మెత్తవి రెండు. మిగిలినవన్నీ ఉత్తవే. ఆ రంగు చూసి ఎవరూ తిన్లేదు. కోళ్లకు కూడా వెయ్యలేదు. తొందరది ఒక్కటీ లేదు. చిన్నగా ఉంటుంది, పటపటా పేలుతుంది, అందరికంటే ముందు అదే అయిపోయింది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కంకులను అటూ ఇటూ జరుపుతూ, "తొందరది లేకుంటే నాకు చెలక లేనట్టే సారూ" అన్నాడు. అది ఊరికే అన్న మాట కాదు. ఆ రాతి మీది మట్టిలో, వాన మొహం చాటేసిన ఏళ్లలో ఆ ఇంటికి గటక పెట్టింది ఆ ఒక్క రకమే. మా అమ్మ ఇచ్చింది, నేను పోగొట్టిన, అన్నట్టు కూర్చున్నాడు. పోగొట్టింది ఆయన కాదు.

రెండు రోజుల తర్వాత ఆయనే మా ఇంటికొచ్చాడు. "సారూ, మక్క ఒంటరిగ ఉండది. గాలికి పెండ్లిళ్లయితయి. తొందరది పోయినా దాని రక్తం ఈ మిగిలినయిట్ల ఎక్కడ్నో ఉంటది. ఉంటదా, ఉండదా? ముప్పై రెండేండ్లు చేసినవు గద, చెప్పు."

ఉంటుంది అన్నాను. అదొక్కటి నేను అబద్ధం చెప్పలేదు. మా క్షేత్రంలో పెద్దలు చేస్తుంటే చూసిన పద్ధతి ఒకటి గుర్తుకొచ్చింది. అన్ని గింజలూ కలపకుండా, ఒక్కో కంకి గింజలు ఒక్కో సాలులో పెట్టమన్నాను. ఏ తల్లి పిల్లలు ముందు పీచు వేస్తారో తెలుస్తుంది.

తర్వాతి వానకాలం అలాగే పెట్టాడు. పంతొమ్మిది సాళ్లు. కర్రలు నడుం దాటిన దగ్గర్నుంచి ఆయన రోజూ పొద్దున్నే సాలు సాలుకూ వంగి, ఆకుల సందుల్లో వేలు పెట్టి చూసేవాడు. నేనూ పోయేవాణ్ని. ఒకరోజు నేను పోయేసరికి పదకొండో సాలు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఇటు రా సారూ. నా కన్నుకు కనవడ్డది నీ కన్నుకు గూడ కనవడ్తదా చూడు."

నాలుగు కర్రల మీద పట్టుదారం లాంటి పీచు వచ్చింది. మిగతా చేనంతటికీ ఇంకో వారమైనా పడుతుంది. ఏ కంకి సాలు అది అని గుర్తు కోసం పాతిన పుల్ల చూశాను. ఉత్తది.

"మీ అవ్వ ఎందుకు పెట్టిందో ఇప్పుడు తెలిసింది అన్నా" అన్నాను.

"ఆమెకు గూడ తెల్వకపోవచ్చు" అన్నాడు ఆయన. "తెల్వకున్నా పెట్టింది, అది గద."

ఇక నా పని పడింది. ఉద్యోగంలో చేసినంత కాలం నేనా పనిని ప్రేమించలేదు. ఆ నాలుగు కర్రల పూతలకు కాగితం సంచులు కట్టి, పీచులకు వేరే సంచులు తొడిగి, మర్నాడు పొద్దెక్కాక పుప్పొడి దులిపి, ఒకదానిది ఇంకోదాని పీచు మీద చల్లాను. ఆయన పక్కన నిలబడి చూశాడు.

"ఇది గాలి చేసే పని గద సారూ."

"అవును."

"గాలి చేసే పనికి నువ్వు ముప్పై రెండేండ్లు జీతం తీసుకున్నవు."

నా చేతులు పసుపు రంగుతో ఉన్నాయి. ఏమైందో ఏమో, చేనులో ఇంకెవరూ లేరు, ఆ మాట బయటపడింది.

"అన్నా, ఆరోజు చర్చిలో ఆ పేలికలు చూడగానే గుర్తువట్టిన. విత్తనం కంకులని తెలుసు. తెలిసే పంచిన. చప్పట్లు మొదలైనంక ఆపబుద్ధి కాలే."

ఆయన ఆశ్చర్యపోలేదు. నేను కట్టిన సంచి మూతిని వేలితో సరిచేశాడు.

"ఎరికే సారూ. మక్కల్ల ముసలోనివైతివి, నాతోని రెండేండ్లు తిరిగితివి, గుడ్డ కట్టిన కంకి గుర్తువట్టవా?" అన్నాడు. "వేడి తగిలితే మక్క గింజ గూడ ఎగిరి పడ్తది. మనిషెంత. ఇగ పని చూడు, ఎండ ముదుర్తాంది."

మూడు వానకాలాలు అలా సంచులు కట్టాను. రెండో ఏటికి గులాబీ పేలికలు మళ్లీ కనబడ్డాయి. మూడో ఏడు వాన పడి, మొలక వచ్చి, ఆ తర్వాత నెల దాటినా మబ్బు లేదు. పక్క చేన్లలో కంపెనీ మక్క పీచు వేసే ముందే మాడిపోయింది. ఆయన చెలకలో పొట్టి కర్రల మీద బెత్తెడు కంకులు గింజ పట్టి నిలబడ్డాయి. పాత తొందరది పసుపు గింజ. ఇది కొంచెం ఎర్రజీర ఉన్న గింజ. తల్లి పోలిక వచ్చిందని మురిసిపోయాడు. ఆ ఏడు వాళ్లింట్లో తిన్న గటక రంగు కొంచెం తేడాగా ఉండేది. నాకూ ఒక గిన్నె వచ్చేది.

ఆ కబురు ఎలా పోయిందో గాని, హైదరాబాదు నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది, మా మనవరాలి వయసు. కొత్త రకాలు తయారుచేయడానికి పాత గుణాలు వెతుకుతున్నామని చెప్పింది. అన్నింట్లోంచీ తలా రెండు కంకులు తీసుకుంది. ఉత్తది దగ్గరికొచ్చేసరికి ఆయనే, "ఇది వద్దులే బిడ్డా, ఇందుల తొందర తప్ప ఇంకేం దాసుకున్నదో నాకు తెల్వది" అన్నాడు.

"ఎందుకు పనికొస్తదో తెలిసినవి మా దగ్గర చాలా ఉన్నయి తాతా. తెలియనివే కావాలి" అంది ఆ పిల్ల.

ఆయన నావైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశాడు. చదువుకున్నవాళ్లు ఇలా ఉంటారు అని దానర్థం.

చివర్న కాగితంలో రైతు పేరు రాయాలంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "నా పేరు రాయకు. పేరు పెడితే నాదైతది. నాదైతే నేను పోయిననాడు ఇదీ పోతది. ఊరి పేరు రాస్కో." ఎంత చెప్పినా వినలేదు. నేనిక్కడ ఆయన పేరు రాయకపోవడానికి అదే కారణం. ఆ పిల్ల ఇంకో గడిలో, సమాచారం ఇచ్చిన వ్యక్తి అని, నా పేరు రాసుకుంది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. నల్గొండ వాళ్లకు దొరికింది ఆ పేరే.

పోయిన వానకాలం విత్తనం పెట్టిన పదో రోజు ఆయన పోయాడు. మొలకలు రెండాకుల మీదున్నాయి. చెలకలోనే గుట్ట వైపు పాతిపెట్టారు. ఆ ఏటి పంటకు పేలికలు కట్టింది కోడలే. ఇప్పుడు ఆమెకు ఊళ్లో అందరూ తెలుసు, ఇద్దరు పిల్లల తల్లి. ఎవరి మాటా వినదు.

శాలువా కప్పిన మర్నాడు వాళ్లింటికి పోయాను. నా చేతిసంచిలో ఒక కంకి ఉంది. మూడేళ్లుగా మా పెరట్లో స్నానాల గది పక్కన ఒక డజను తొందరది కర్రలు పెట్టి, సంచులు కట్టి, ఎవరికీ చెప్పకుండా పండిస్తున్నాను. ఈ ఏటి కంకుల్లో అన్నిటికంటే ముందు పీచు వేసినదాని కంకి అది. గులాబీ గుడ్డ మా బావమరిది కండువాలోంచి చింపాను.

కోడలు చాయ్ పెట్టి, పాల కోసం పక్కింటికి పోయింది. నేను పీట ఎక్కి, ఆ కంకిని వాసం మీద గులాబీ పేలికల గుంపులో కట్టి దిగాను. వాటి పక్కన ఒక కొత్త గుంపు కనబడింది, నీలం పేలికలతో. తలెత్తి చూస్తే కంకులు సన్నగా, గింజలు వంకర వరసల్లో ఉన్నాయి. ఆమె రాగానే అడిగాను.

"ఇదేం రకం బిడ్డా? మీ మామ ఎప్పుడు ఇట్లాంటిది పెట్టలేదు గద."

"నేను పెట్టిన."

"ఏం గుణముంది దీనికి?"

"ఏమో సారూ. నాకు నచ్చింది."

నాలుక కొస దాకా ఉపన్యాసం వచ్చింది. చాయ్‌తో పాటు మింగేశాను.

లేచి వస్తుంటే ఆమె గడపలో నిలబడి కొంచెం సిగ్గుపడుతూ నవ్వింది. "ఏమనుకోకు సారూ. మామ పోయే ముందు ఒక మాట చెప్పిండు. సారు వచ్చి పోయినప్పుడల్ల కంకులు లెక్కవెట్టు అన్నడు."

"మంచి మాటే చెప్పిండు. లెక్కవెట్టు" అన్నాను.

లోపలికి పోయి, తలెత్తి, గడ్డంతో ఒక్కొక్క కంకినీ చూపిస్తూ లెక్కపెట్టింది. ఆగి, మళ్లీ మొదటి నుంచీ లెక్కపెట్టింది. బయటికొచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఒకటి ఎక్కువున్నది సారూ."



"మొన్న నువ్వే తప్పు లెక్కవెట్టి ఉంటవు బిడ్డా" అని, మోపెడ్ స్టాండు తీశాను.